దొరకలేదని రాసిన కాగితం

జగదల్‌పూర్‌లో సంస్థానం కచేరీ వెనక రికార్డు గది ఉండేది. అందులో నేను పదహారేళ్ళు చప్రాసీగా చేశాను. మొదటి తొమ్మిదేళ్ళు నాకు అక్షరం ముక్క రాదు. కాగితాలు కాపాడే చోట చదువురానివాణ్ణి ఎట్లా పెట్టుకున్నారని ఇప్పటివాళ్ళు నవ్వుతారు. అప్పటి పెద్దలకు అట్లాంటివాడే కావాలి. వాడు ఎవరి గుట్టూ బయట పెట్టలేడు. ఏ కాగితం దొంగిలిస్తే లాభమో వాడికి తెలియదు.

ఊళ్ళ హద్దులు, అడవిలో ఎవరికేం హక్కుందో చెప్పే పత్రాలు, తగాదాల తీర్పులు, అన్నిటినీ గుడ్డలో చుట్టి మూటగట్టి అరల్లో పెట్టేవారు. ఆ మూటను బస్తా అనేవారు. గుడ్డ మీద కుట్టిన చీటీలో లోపల ఏముందో రాసి ఉండేది. ఎవరైనా సరే, కాలినడకన వచ్చిన గోచీవాడైనా సరే, అర్జీ పెట్టుకుంటే గుమాస్తా బస్తా విప్పించి నకలు రాసివ్వాలి. అది రూలు. బస్తాలు ఎండలో పెట్టడం, చెదలు చూడటం, వేపాకు మార్చడం నా పని. చీటీ చదవలేకపోయినా గుడ్డ రంగును బట్టి, ముడిని బట్టి ఏది ఎక్కడిదో చెప్పేసేవాణ్ణి. గుమాస్తాలు మెచ్చుకునేవారు. నేను పొంగిపోయేవాణ్ణి. ఎద్దు కూడా తన కొట్టం గుర్తుపడుతుంది. అందులో పొంగడానికి ఏమీ లేదు.

మాది కోంట వైపు, మరైగూడకు అవతల చిన్న పల్లె. మా హద్దుల కాగితం ఉన్న బస్తా కింది అరలో ఉండేది. దాని గుడ్డకూ, పక్క బస్తా గుడ్డకూ ఎలుకల కంపు పట్టింది. ఒక ఎండాకాలం నేను ఆ రెండూ విప్పి గుడ్డలు ఉతికాను. ఎవరూ ఉతకమనలేదు. మా ఊరి కాగితం కంపు కొడుతుంటే నాకు బాధగా ఉండేది. రెండు కట్టలనూ వరండాలో పెట్టి పైన రాళ్ళు పెట్టాను. గుడ్డలు ఆరేలోపల వాన దిగింది. కట్టలు రెండూ చంకన పెట్టుకుని లోపలికి ఉరికాను. గుడ్డ తీసేస్తే నాకు అన్ని కాగితాలూ ఒకటే. ఏది ఏ గుడ్డదో ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. కట్టేశాను.

అరలు నిండితే అక్కర్లేని బస్తాలు ఏరి తగలబెట్టేవారు. దాన్ని రద్దీ అనేవారు. మరుసటేడు గుమాస్తా చీటీలు చూసి కొన్నిటిని పక్కన పెట్టించాడు. కచేరీ పెరట్లో నేనే అంటించాను. గాలికి ఎగిరిన ముక్కలను కట్టెతో మళ్ళీ మంటలోకి తోశాను, ఒక్కటి కూడా మిగలకుండా. చివర రద్దీ పుస్తకంలో వేలిముద్ర వేశాను. పని శుభ్రంగా చేశావన్నారు.

ముప్పై ఐదేళ్ళు దాటాక అక్షరాలు పట్టుకున్నాను. హిందీవే. కొత్త గుమాస్తా మధ్యాహ్నం తిండి తిన్నాక చీటీల మీద వేలు పెట్టించి నేర్పాడు. మంచివాడే, కాకపోతే బద్ధకస్తుడు. నాకు రాయడం వచ్చాక చిన్నాచితకా కాగితాలు నా చేత రాయించి, చదవకుండా ముద్ర వేసేవాడు. తెలుగు అక్షరాలు చాలా ఏళ్ళ తరువాత వచ్చాయి, కోంటలో ఒక తెలుగు షావుకారి దుకాణంలో పాత పత్రికలు చూసి. ఆ సంగతి అట్లా ఉంచుతాను.

ఒకరోజు పొద్దున్నే మా మేనమామ వచ్చాడు. తోంగ్‌పాల్ మీదుగా ఎన్ని రోజులు నడిచాడో, కాళ్ళు పగిలి ఉన్నాయి. వరండా మెట్టు మీద కూర్చుని నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఏంది అల్లుడా, లావెక్కినవ్. కాగితాలు తింటున్నవా?"

"చదువుతున్న మామా."

"నువ్వా? ఎవడు నేర్పిండు, ఎలుకలా?"

నవ్వి, విషయం చెప్పాడు. జంగిల్ వాళ్ళు, అంటే అడవి శాఖవాళ్ళు, మా పోడు కొండనూ, ఇప్పచెట్లనూ లోపల వేసుకుని హద్దురాళ్ళు పాతారు. వెనకటి రోజుల్లో ఒక అధికారి ఊరి పెద్దతో కలిసి తిరిగి, కొండ ఊరిదేనని రాసిచ్చిన మాట అందరికీ తెలుసు. ఊరి దగ్గరున్న కాగితాన్ని వెదురు గొట్టంలో పెడితే చెదలు తినేశాయి. జంగిల్ దొర, కచేరీ నుంచి నకలు తెస్తే రాళ్ళు తీయిస్తానన్నాడట. వానలు పడేలోపల తేవాలి. లేకుంటే ఆ కొండ మీద విత్తనం వేయనివ్వరు. కొండ పోతే మా వాళ్ళకు తినడానికి ఏమీ లేదు.

"నువ్వు ఇక్కడ ఉన్నవ్ గదా అని అందరికీ ధైర్యం," అన్నాడు మామ.

నేను హుషారుగా లోపలికి పోయి కోంట చీటీ ఉన్న బస్తా తెచ్చి మామ ముందే విప్పాను. మొదటి కాగితం గట్టిగా చదివాను, చదువు చూపించుకోవడానికి. డేరా తాడు తెగినది. కుర్చీ కాలు విరిగినది. మంచం నవారు మార్చవలెను.

"మన హద్దుల్లో కుర్చీలెందుకున్నయ్ రా?" అన్నాడు మామ.

ఇంకో కాగితం తీశాను. డేరాలే. అడుగు దాకా తీశాను. దొరలు తిరిగే డేరాల మరమ్మతు ఉత్తరాలు తప్ప అందులో ఏమీ లేదు. ఆ గుడ్డను నేను ఉతికిన రోజు, ఆ వాన, అప్పుడు గుర్తొచ్చాయి. రెండు కట్టలనూ తారుమారు చేసి కట్టాను. రద్దీ పుస్తకం తీసి చూశాను. డేరాల బస్తా కాల్చడమైనది అని ఉంది. దాని పక్కన నా బొటనవేలు.

మామ దగ్గర దాచలేదు. అంతా చెప్పాను.

"కాల్చినవా?"

"కాల్చిన."

"నీ చేత్తోనే?"

"నా చేత్తోనే."

గుమాస్తాకు కూడా చెప్పాను. ఆయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "ఈ మాట నాకు చెప్పలేదు నువ్వు. ఉద్యోగం పోతుంది, జైలు కూడా చూస్తావు. అర్జీకి జవాబు రాసి ఉంచు, నహీ మిలా అని. వచ్చి ముద్ర వేస్తాను," అని పాన్ వేసుకోవడానికి వీధిలోకి పోయాడు.

నేను కలం తీసుకుని కూర్చున్నాను. మామ నా పక్కకు జరిగాడు.

"ఏం రాయమన్నడు?"

"దొరకలేదు అని."

"దొరకలేదంటే ఏంది? ఉండి పోయిందనా, ఎన్నడూ లేదనా?"

"రెండూ అవుతుంది మామా."

"అట్లయితే అది రాయకు. కాలింది అని రాయి. కాలిందంటే ఒకప్పుడు ఉన్నట్టే గదా. కొండ మనదే అన్నట్టే గదా."

అక్షరం రాని మనిషి. ఆ గదిలో ఉన్న కాగితాలన్నిటి కంటే ఆయన మాటే సరిగ్గా ఉంది. గుమాస్తా చదవడు, ముద్ర వేస్తాడు. జల్ గయా, కాలింది, అని ఆ ఒక్క మాట రాస్తే కాగితం ఊరికి చేరేది. తరువాత ఎవరు కాల్చారని పైనుంచి అడుగుతారు. అప్పుడు రద్దీ పుస్తకం తీస్తారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, సర్కారు ఇచ్చిన ఒక గది. ఇది సాకు అని నాకు అప్పుడే తెలుసు.

"రాయి అల్లుడా," అన్నాడు మామ. బతిమాలినట్టు అనలేదు. పొలంలో పని చెప్పినట్టు చెప్పాడు.

నేను దొరకలేదు అని రాశాను. గుండ్రంగా, చక్కగా వచ్చింది రాత. గుమాస్తా వచ్చి ముద్ర వేశాడు.

"ఏం రాసినవ్?" అన్నాడు మామ.

చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. కాగితం తీసుకుని మడిచి తలగుడ్డలో పెట్టుకున్నాడు. అన్నం తిని పొమ్మన్నాను. ఆకలి లేదన్నాడు. అంత దూరం నడిచి వచ్చిన మనిషి.

ఆ వానల్లో కొండ మీద ఎవరూ విత్తనం వేయలేదు. మా వాళ్ళు ఇంటికొకరు చొప్పున శబరి ఏరు దాటి అవతల కూలికి పోయారు. ఎవరూ తిరిగి రాలేదు. రెండేళ్ళ తరువాత కచేరీ పని మీద కోంట పోతే సంతలో అత్త కనిపించింది, మామ భార్య. చీపుర్లు అమ్ముతోంది. చిక్కిపోయింది. మామ అవతలి ఊళ్ళోనే జ్వరంతో పోయాడని ఆమె చెబితేనే తెలిసింది.

"జంగిల్ దొరకు ఆ కాగితం చూపించిండా?" అని అడిగాను.

"లేదు. దాన్ని చూపిస్తే ఉన్నది కూడా లేదని మనమే ఒప్పుకున్నట్టు అయితదన్నడు. చించేసిండు."

ఆమె చీపుర్లు సర్దుకుంది.

"కాలింది అనడానికి ఎన్ని అక్షరాలు కావాలి అల్లుడా?" అంది. తిట్టడానికి కాదు, ఆమెకు నిజంగా తెలియదు.

"హిందీలో నాలుగు," అన్నాను.

ఒకామె వచ్చి చీపురు బేరం చేస్తుంటే అత్త అటు తిరిగింది.