పప్పు చెప్పిన కొలత

వెనకటి బ్రిటిషువాళ్ల రోజుల్లో బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఇంజన్లకు పోసేవి సున్నం ఎక్కువున్న బావి నీళ్లు. అవి మరిగితే బాయిలర్ గార కట్టేది. గార కట్టకుండా నీళ్లలో బట్టల సోడా కలపడం పోలయ్య డ్యూటీ. అంతకుముందు ఆ పని చేసినవాళ్లందరూ ఉజ్జాయింపుగా చేత్తో పోసేవారు. పోలయ్యకు ఉజ్జాయింపు గిట్టదు.

తూము కింద ఒక తొట్టి వేలాడదీశాడు. అది నిండి ఒరిగినప్పుడల్లా దానికి కట్టిన గరిటె సోడా ఒంపేది. నీళ్లు జోరుగా వస్తే సోడా జోరుగా, సన్నగా వస్తే సన్నగా. షెడ్డంతా వచ్చి చూసిపోయింది. ఫోర్‌మన్ భుజం తట్టి, పై అధికారులకు గొప్పగా రాశాడు.

అంతా బాగానే ఉంది గానీ, గరిటెకు ఎంత పట్టాలి? అక్కడే కొంప మునిగింది. విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్లకు నీళ్ల పరీక్ష ఒక్కటే. కందిపప్పు ఉడికితే మంచినీళ్లు, ఉడక్కపోతే ఉప్పునీళ్లు. సోడా కలిసిన నీళ్లు బిందెతో క్వార్టర్‌కు తెస్తే భార్య అప్పయమ్మ వాటిలో పప్పు ఉడకేసేది. పలుకుందంటే పోలయ్య గరిటె పెద్దది చేసేవాడు. చివరికి పప్పు వెన్నలా ఉడికింది. సోడా మితిమీరినా పప్పు మెత్తగానే ఉడుకుతుందని ఆ పిచ్చివాళ్లకు ఎవరు చెప్పాలి?

పోలయ్య తమ్ముడు పైడిరాజు ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఒకరోజు బిల్హా స్టేషన్ దాటాక, సోడా ఎక్కువై అతని బాయిలర్లో నీళ్లు నురగలెత్తాయి. ఆ నురగకు గాజు గొట్టంలో మట్టం నిండుగా కనిపించింది. నిండుగా ఉంది కదా అని అతను నీళ్లు పెట్టలేదు. లోపల నీళ్లు అడుగంటి, నీళ్లు తగ్గితే కరిగేలా కొలిమి కప్పులో పెట్టిన సీసపు బిరడా కరిగి, ఆవిరి అతని మొహాన కొట్టింది. కళ్లు రెండూ పోయాయి. గోరుచుట్టు మీద రోకటి పోటులా, నీళ్లు చూసుకోని తప్పు అతనిదేనని తేల్చి ఉద్యోగం తీసేశారు.

ఆ బాయిలర్ నీళ్లను పోలయ్య వేళ్ల మధ్య రుద్ది చూశాడు. సబ్బులా జారాయి. పరుగున ఫోర్‌మన్ దగ్గరికి పోయాడు.

"తప్పు నాదేనండి. సోడా నేనే ఎక్కువేసీసినాను."

తమ్ముడి మీద ప్రేమతో అబద్ధమాడుతున్నాడని ఫోర్‌మన్ జాలిపడి పంపేశాడు. తమ్ముడితో చెప్పడానికి మాత్రం పోలయ్యకు నోరు రాలేదు. గరిటె చిన్నది చేశాడు, ఇంటికి ఆ నీళ్లు తేవడం మానేశాడు.

ఆ తర్వాత పైడిరాజు అన్న పంచనే ఉండిపోయాడు. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ అడిగాడు.

"పప్పు పలుకుగా ఉందేటి వదినా? అన్నయ్య తన నీళ్లు తేడం మానీసినాడేటి? తప్పు చేసినోణ్ని నేను గానీ, ఆ నీళ్లేటి చేసినాయి?"

అప్పయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోలయ్య తమ్ముడి కంచంలో ఇంకాస్త నెయ్యి వేశాడు.

"రేపట్నుంచి తెస్తాన్లేరా" అన్నాడు.