ఆయిల్ ఓడ మీద ఆవకాయ

2021 జూన్‌లో, దుబాయ్‌కి దగ్గర్లోని ఫుజైరా రేవులో మా ఓడ ఎక్కాను. పొద్దున ఎనిమిదింటికే డెక్ ఇనుము బూట్లలోంచి కాలింది. కిట్ బ్యాగు, ఓడ పనికి తొడిగే డాంగ్రీలు రెండు జతలు, హెల్మెట్, ఒక మాస్కుల కట్ట. ఇవే నా సామాను. కరోనా రోజులు కాబట్టి రేవు గేటు దాటకూడదని ఆర్డరు. నేను దుబాయ్ చూసొచ్చానని ఊళ్లో చెప్పుకుంటారు గానీ, చూసిందల్లా ఆ గేటు వరకే.

మాది నడిసముద్రంలో యుద్ధనౌకలకు ఇంధనం పోసే ఓడ. ఎప్పుడో జపాన్‌లో కట్టింది. మన నేవీ తాత్కాలికంగా అద్దెకు తీసుకుంది. దాన్ని మేం జపాన్ ముసలమ్మ అనేవాళ్లం. కెప్టెన్‌కి పాత ఓడల పిచ్చి. చేరిన రోజే మాకు క్లాసు పీకాడు.

"రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నేవీకి ఇలాంటి ఇంధనం ఓడలుండేవి. శత్రువు ముందు వాటినే వెతికేవాడు. ఒకటైతే నీళ్లలోకి దిగిన ఏడాదికే మునిగింది. అలాంటివన్నీ పోయాక పెద్ద పెద్ద యుద్ధనౌకలు కదల్లేక రేవులో కూర్చున్నాయి. మన పని చిన్నదనుకోవద్దు."

మా వంటమనిషిది భీమిలి. నా చెవి దగ్గరికొచ్చి, "ఏటి బావూ, సేరిన రోజే ములిగిపోయిన ఓడల కబుర్లేటి?" అన్నాడు. నవ్వాపుకోలేక చచ్చాను.

ఆ నెలాఖరున అక్క గేటు దగ్గరికొచ్చింది. ఆ దేశంలోనే అజ్మాన్‌లో నర్సు తను. బావ కూడా నేవీయే, వేరే యుద్ధనౌకలో. ఆయన సముద్రం మీదికెళ్లాక పాప పుట్టింది. ఆడపిల్ల అని రేడియోలో కబురందింది తప్ప ముఖం చూడలేదు. కరోనా వల్ల వాళ్ల ఓడ ఏ రేవులోనూ ఆగడం లేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. మర్నాడే అది మా దగ్గర ఇంధనం తీసుకుని మళ్లీ నెలల తరబడి వెళ్లిపోతుంది. ఆ సంగతి అక్కకి చెప్పలేదు. చెప్పకూడదు.

"మీ ఓడలు ఎప్పుడో ఒకప్పుడు కలుస్తాయిగా" అంటూ అక్క, మా ఇద్దరి మధ్య ఉన్న సిమెంటు దిమ్మ మీద సంచి పెట్టింది. "ఒరేయ్ తమ్ముడూ, ఇందులో ఆవకాయుంది, పాప ఫొటో ఉంది. ఆవకాయ పోతే పోయింది. ఫొటో మాత్రం మీ బావ చూడాలి."

"ఖలాస్ మేడమ్, యల్లా" అంటూ, ఇక వెళ్లమని చెయ్యూపాడు గేటు కాపలావాడు. అక్కని దగ్గరికి తీసుకోనైనా లేదు. బాధేసింది.

మర్నాడు బావ ఓడ మా పక్కకొచ్చింది. రెండు ఓడలూ ఒకే వేగంతో, నలభై మీటర్ల ఎడంతో నడవాలి. మధ్యలో తీగ మీద ఇంధనం గొట్టం. చిన్న సంచులు పంపడానికి కప్పీ తాడు వేరే. సంచిని ఆ తీగని బిగించే వించ్ పక్క కటకటాలకు తగిలించి నా పనిలో పడ్డాను. పంపు మొదలైంది. కాసేపటికే అవతలి ఓడ నుంచి రేడియో.

"మీ వించ్ కింద ఎర్రటి ఆయిల్ కారుతోంది!"

వించ్‌లో పోసే ఆయిలూ ఎరుపే. అది కారిపోతే తీగ పట్టు తప్పుతుంది. "పంప్ బంద్! గొట్టం వదలండి!" అని కెప్టెన్ అరిచాడు. సైరన్ మోగింది. బావ ఓడ పక్కకి తిరిగి దూరమైపోయింది. సంచి ఇంకా నా దగ్గరే ఉంది.

పరిగెత్తాను. డెక్ మీద ఎర్ర చుక్కలు. వంటమనిషి గొంతుక్కూర్చుని, వేలు అద్ది, వాసన చూసి, నోట్లో పెట్టుకున్నాడు.

"ఏయ్! ఏంటది?" మైకులో కెప్టెన్.

"ఉప్పు సరిగ్గా సరిపోనాది సార్."

ఇక దాచి లాభం లేదు. "నువ్వుల నూనె సార్. మా అక్క పెట్టిన ఆవకాయ. ఎండకి మూత వదులైంది."

"అచార్? అచార్ కోసం యుద్ధనౌకని తరిమేశానా?"

ఫొటో సంగతి చెప్పాను. "ఇప్పుడు అందకపోతే మా బావ బిడ్డని ఎప్పుడు చూస్తాడో తెలీదు సార్" అన్నాను. కెప్టెన్ రేడియో అందుకున్నాడు.

"లీకు దొరికింది. రుచి కూడా చూశాం. తిరిగి రండి."

అవతలి ఓడ నుంచి ఒకటే నవ్వులు. కెప్టెన్ నావైపు తిరిగాడు. "వారం పాటు డెక్ కడగడం నీ వంతు. ముందు ఆ ఫొటో తుడువు."

ఈసారి గొట్టం కంటే ముందు సంచే వెళ్లింది.

అక్టోబరులో విశాఖ తిరిగొచ్చాం. కొత్త ఓడ రావడంతో జపాన్ ముసలమ్మని నేవీ వదిలేసింది, సొంతదారులు తుక్కు కింద అమ్మేశారు. మన నేవీలో దాని కొలువు ఏడాది కూడా నిండలేదు. రేవులో దిగేటప్పుడు దాని కటకటాలు ఒకసారి నిమిరాను. ఇనుమే, అయినా మనసు ఊరుకోలేదు.

యుద్ధం చూశావా అని ఎవరైనా అడిగితే లేదంటాను. నా కళ్లలో నిలిచిపోయింది ఒకటే. ఆ రోజు బావ తన ఓడ ముక్కు దగ్గర, జెండాలు కట్టిన తాడు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఓడల మధ్య ఎడం చెప్పే తాడది, వదలకూడదు. సంచి అందుకున్న నావికుడు ఫొటో తెచ్చి ఆయన ముఖం ముందు పట్టుకున్నాడు. బావ మెడ చాచి, హెల్మెట్ అంచు ఫొటోకి తగిలేదాకా వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. భుజాలు ఊగుతున్నాయి. తాడు మాత్రం బిగువుగానే ఉంది.