మేత దండగ

నిరుడు అక్టోబరు రెండో శనివారం. అప్పటికి నాకు డెబ్బై రెండేళ్లు, నడుం వంగి ఆరేళ్లు. బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో అమ్మాయి ఇంట్లో ఉన్నాను. నా విజిటర్ వీసా జనవరితో ముగుస్తుంది. నేను అక్కడే ఉండిపోయేలా దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది అల్లుడుగారు ఇంకా తేల్చలేదు.

ఆ రోజు తాను పనిచేసే చేపల హేచరీ చూపిస్తానని ఆయన మమ్మల్ని తీసుకెళ్లారు. అక్కడ పెంచేది మన పండుగప్పనే. ఆయన వేలెడంత చేపపిల్లల్ని ట్రేలో పోసి, వెన్ను వంకరపోయినవాటిని బకెట్లోకి ఏరేస్తున్నారు.

"బతికే ఉన్నాయిగా, పారేయడం ఎందుకండీ?" అన్నాను.

"బతుకుతాయి అత్తయ్యగారూ. పెరిగాక ఎవరూ కొనరు. మేత దండగ."

నాకు ఏ పనైనా సరిగ్గా జరగాలి. ఆయన చూడక వదిలేసిన ఒకదాన్ని పట్టి చూపించాను. "ఇదిగో, దీనికీ గూనే."

పదేళ్ల మనవరాలు నా వీపు వంక చూసి, "డాడీ, అమ్మమ్మ ఈజ్ లైక్ దట్ టూ" అంది.

"అమ్మమ్మని మనం ఏరక్కర్లేదు నాన్నా. జనవరిలో వీసావాళ్లే ఏరేస్తారు" అని అల్లుడుగారు నవ్వారు. అమ్మాయీ నవ్వింది.

చేతిలోని పిల్లను నేనే బకెట్లో వేశాను. అల్లుడుగారిది కోపంలో అన్న మాటైతే ఈపాటికి మరిచిపోయేదాన్ని. తిరిగి వస్తూ కారులో, నాకు ఊరికి టికెట్టు తీసెయ్యమని అమ్మాయితో చెప్పాను. ఉండమంటుందేమోనని కాసేపు చూశాను.

"కిటికీ పక్క సీటు కావాలా అమ్మా?" అంది.