తట్ట దించుకునే కల్వర్టు గోడ

ఆ రోజు కల్వర్టు గోడ మీద తట్ట దించాక నాకు మళ్లీ లేవబుద్ధి కాలేదు. నొప్పి లేదు, జ్వరం లేదు. ఊపిరి మాత్రం సగంలోనే ఆగిపోతున్నట్టు ఉంది.

వాకాడు దగ్గర సముద్రం ఒడ్డున మా పల్లె. చేపల తట్ట నెత్తిన పెట్టుకొని పై ఊళ్లకు అమ్మబోయే ఆడవాళ్లం దారిలో కాలవ మీదున్న ఆ గోడ దగ్గర ఆగుతాం. తట్ట కింద పెట్టుకునే చుట్టకుదురు ఎలా చుట్టాలో అమ్మ నాకు నేర్పింది అక్కడే. మా ఆయన నన్ను మొదటిసారి చూసిందీ అక్కడే. సైకిల్ చైన్ ఊడిందంటూ చాలాసేపు దాన్నే తిప్పుతూ నిలబడ్డాడు. చైన్ బాగానే ఉంది. అమ్మ పోయినప్పుడు ఇంట్లో చుట్టాల మధ్య నాకు ఏడుపు రాలేదు, ఆ గోడ మీద కూర్చున్నాకే వచ్చింది.

మాలో ఒక పద్ధతి ఉంది. తట్ట ఎత్తడానికి ఎవరు పిలిచినా చెయ్యి వేయాలి, మనతో మాటలు మానేసినవాళ్లయినా సరే. కాదంటే పిలిచినదానికి అంతకు మించిన అవమానం లేదు. ఆ పద్ధతే నన్ను ముంచింది. నేను ఎంతసేపు కూర్చున్నా ఎందుకని ఎవరూ అడగలేదు, తట్ట ఎత్తి పంపారు. మా వదిన సుగుణమ్మ మాత్రం గ్యాస్ అని తేల్చేసింది. సోడాలు తాగాను, వాము నమిలాను. పడుకుంటే దగ్గు, పాదాల్లో వాపు వచ్చాక గానీ నెల్లూరు ఆసుపత్రికి వెళ్లలేదు.

గుండెకు ఈసీజీ, ఎకో తీశారు. ఎంత దూరం నడిస్తే ఆయాసం వస్తోందని డాక్టరమ్మ అడిగింది. కిలోమీటర్లు నాకేం తెలుసు? మునుపు కల్వర్టు దాటి రెండూళ్లు తిరిగేదాన్ని, ఇప్పుడు కల్వర్టు దాకా కూడా పోలేకున్నానని చెప్పాను.

"నీ గుండెలో మైట్రల్ వాల్వ్ సన్నబడిందమ్మా. చిన్నప్పుడు రుమాటిక్ ఫీవర్ వచ్చి ఉంటుంది. బెలూన్‌తో తెరుస్తాం" అంది.

తీరా చూస్తే గుండెలో రక్తం గడ్డకట్టి క్లాట్ ఉందని బెలూన్ వాయిదా వేశారు. రక్తం పలచబడే మాత్రలతో నెలలు గడిచాయి. ఉప్పు తగ్గించమన్నారు, ఎండుచేప ముట్టొద్దన్నారు. చేపలమ్మేదాన్ని ఎండుచేప మానడమా! చావు భయం కన్నా ఆ చప్పిడి కూడే నన్ను ఎక్కువ ఏడిపించింది. క్లాట్ కరిగాక బెలూన్ చేశారు. దగ్గు లేకుండా వెల్లకిలా పడుకోగలిగినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నడవమన్నారు, నెత్తిన బరువు వద్దన్నారు. ఇప్పుడు వదిన ఆటోలో తెచ్చే చేపలు ఆ గోడ మీదే పెట్టుకొని అమ్ముతున్నాను. మాత్రలు, రక్తం ఎంత పలచగా ఉందో చూసే ఐఎన్ఆర్ టెస్టు మానలేదు.

ఆమధ్య మా పల్లెలోని సారమ్మ తట్ట దించి నా పక్కన చాలాసేపు కూర్చుంది. పెదాలు కమిలినట్టు ఉన్నాయి.

"చెయ్యెయ్యక్కా, ఎండెక్కతా ఉండాది" అంది.

"ఎయ్యను. ముందు పోయి గుండె చూపించుకో."

"గ్యాసక్కా అది."

"నేనూ అట్నే అన్నా."

మిగతావాళ్లను కూడా చెయ్యి వేయనివ్వలేదు. అందరి ముందూ పరువు తీశానని తిడుతూ ఒక్కతే ఎత్తబోయింది, చేతకాలేదు. తట్ట అక్కడే వదిలి నెల్లూరు బస్సెక్కింది. ఆమె చేపలు నేనే అమ్మాను.

మీకు చెప్పేది ఒకటే. రోజూ ఆగే చోట మీవాళ్లు మునుపటి కంటే ఎక్కువసేపు కూర్చుంటుంటే, బరువు ఎత్తి పంపకండి. తీసుకెళ్లి ఎకో తీయించండి. సారమ్మ గుండెకు ఇప్పుడు వైద్యం జరుగుతోంది. నాతో ఇంకా మాట్లాడదు. మాట్లాడకపోయినా పర్వాలేదు, బతికుంది.