ఆలస్యంగా వెలిగిన దీపం

టెక్కలిలో నాకు ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణం ఉంది. ఏటా సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసే ముందు భావనపాడు బోట్లలో ఆపద సంకేతం పంపే పెట్టెలను పరీక్షించేది నేనే. వాటిలో లిథియం బ్యాటరీలుంటాయి. వాడకుండా ఉంచితే లోపల లిథియం మీద సన్నని పొర కడుతుంది. బ్యాటరీని ఏళ్ల తరబడి కాపాడేది ఆ పొరే. మందమైతే మొదట్లో కరెంటును అడ్డుకునేదీ అదే. అందుకే టెస్టు బటన్ నొక్కి పట్టి, ఆ పొర విరిగి దీపం వెలిగేదాకా చూడాలి.

ఒక ఏడాది పని ఎక్కువై, మీటరు మాత్రం పెట్టి చూశాను. మీటరుకు ఆ పొర తెలియదు, అంకె నిండుగా చూపింది. "బాగుంది" అని చీటీ అంటించేశాను.

వేట మొదలైన వారానికే నూకరాజు, అతని తమ్ముడు దానయ్య ఉన్న బోటు బోల్తా పడింది. పెట్టె బటన్ నొక్కితే దీపం వెలగలేదు.

"ఇది సచ్చిపోనాదన్నా. నాను ఈదుకెళ్లి బోటు తెత్తాను, నువ్వీ సెక్క గట్టిగా పట్టుకో, వొగ్గీకు" అని దానయ్య ఒడ్డువైపు ఈదాడు. అతను కనుమరుగయ్యాక దీపం వెలిగింది. మధ్యాహ్నానికి సాయం వచ్చి నూకరాజు దక్కాడు. దానయ్య తిరిగి రాలేదు.

పరామర్శకు వెళితే నూకరాజు అడిగాడు. "బావా, నువ్వు సూసినప్పుడు దీపం బేగి ఎలిగినాదా?"

"ఎలిగినాది" అన్నాను.

"అయితే మా రాతే" అని నా చేయి పట్టుకున్నాడు.

ఇప్పుడు ప్రతి పెట్టెనూ వెలిగేదాకా నొక్కి కూర్చుంటాను. ఆ కాసేపూ ఎవరో ఈదుతున్న చప్పుడు వినబడుతుంది. నూకరాజుకు చదువు రాదు. ఇది అచ్చయిన పత్రిక చేతికందిన రోజున నేనే వెళ్లి అతనికి చదివి వినిపిస్తాను.