గెలిచినవాడి టీ

హిందూపురం నుంచి ధర్మవరం పోయే ప్యాసింజర్లో ఒక పెద్దాయన నా ఎదురుగా కూర్చున్నాడు. ఒళ్లో తువ్వాలు చుట్టిన గోల్ఫ్ కర్ర ఉంది. ఈ కరువు సీమలో గోల్ఫేమిటని నవ్వొచ్చింది.

"యాడ ఆడతారు సార్?"

"మా ఊరి చెరువులో. నీళ్లుంటే గదా! నేనూ, నా స్నేహితుడూ. బంతి గుంతకు దూరంగా ఉండేటోడు ముందు కొట్టల్ల. ఓడినోడు టీ ఇప్పించల్ల. అంతే మా రూల్సు. వాడు శానా నిదానం, తొందరపెడితే కోపం."

"ఆయన రాలేదా?"

"ఉగాదికి ముందే పోయినాడప్పా. ఇప్పుడు వాని బంతి గూడా నేనే కొడతాండా, వాని మాదిరే నిదానంగా."

పెనుకొండలో బండి ఆగింది. ఆయన కిటికీలోంచి రెండు టీలు తీసుకుని, ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఈ పొద్దు వాడే గెలిచినాడు."

నాకు టీ అలవాటు లేదు. ఆ కప్పు మాత్రం నిదానంగా, చివరిదాకా తాగాను.