పోపో ఒక వేలి చప్పుడు

దయ్యాల విషయంలో నాది మొదటినుంచీ మొండి వాదన. మాది కాకినాడ దగ్గర చర్చికి వెళ్లే కుటుంబం. ఇంట్లో ప్రార్థన ఉండేది గానీ దయ్యాలకు చోటు లేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, "లైటు వేసి చూశారా?" అని అడిగి నోరు మూయించేదాన్ని. పైగా ఇప్పుడు జర్నలిస్టుని, గుచ్చి గుచ్చి అడగడమే నా ఉద్యోగం. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

మేం కాలిఫోర్నియాలోని డబ్లిన్ అనే ఊళ్లో ఉంటాం. ఓక్‌లాండ్ చైనాటౌన్‌లో స్థిరపడ్డ దక్షిణ చైనా వాళ్ల జీవితం గురించి ఒక న్యూస్ సైట్‌కి ఫీచర్లు రాస్తాను. తెలుగుదానివి, నీకెందుకా గోల అని మావాళ్లంతా అడుగుతారు. ఏషియన్ అంటే ఏషియనే కదా అనుకుని మా ఎడిటర్ ఈ పని నాకు అంటగట్టాడు. కొన్నాళ్లు చేసి వదిలేద్దామనుకున్నాను, వదలబుద్ధి కాలేదు. సుంకాలు పెరిగి ఎండుసరుకుల కొట్లు మూతపడుతున్న రోజుల్లో, మీ పరిస్థితి ఏమిటని అడగడానికి వెళ్లిన నన్నే ముందు "తిన్నావా?" అని అడిగారు వాళ్లు. అంత కష్టంలోనూ ఎదుటివాళ్ల ఆకలి గుర్తుండే మనుషులంటే నాకు గౌరవం, కాస్త అసూయ కూడా.

అలా పరిచయమైంది లిండా. స్కూల్ టీచరు. వాళ్లమ్మ గురించి రాయమని అడిగింది. కాంటన్ వైపు పల్లెటూరి నుంచి వచ్చి, భర్త పోయాక బట్టల ఫ్యాక్టరీలో మిషన్ కుట్టి, తానొక్కతే కూతుర్ని చదివించిన మనిషి ఆమె. అందరూ ఆవిణ్ణి పోపో అనేవారు. వాళ్ల భాషలో అమ్మమ్మ అని అర్థం. అంత పెద్దావిణ్ణి పట్టుకుని "పో పో" అనడానికి నా తెలుగు నాలుక మొదట్లో ఒప్పుకోలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు, వంటింటి బల్ల దగ్గర పోపో కప్పులో నేనే టీ పోశాను. ఆవిడ రెండు వేళ్లు కలిపి బల్ల మీద టకటకా కొట్టింది. నాకు ఒళ్లు మండింది. నేనేమైనా హోటల్లో సర్వర్‌నా, త్వరగా పొయ్యమంటోంది అనుకున్నాను. నా మొహం చూసి లిండా పగలబడి నవ్వింది. అది థ్యాంక్స్ చెప్పడమట. బయటివాళ్లకు రెండు వేళ్లతో రెండుసార్లు. వాళ్లింట్లో సొంత పిల్లలకైతే ఒకే వేలితో, ఒక్కసారి. అంత చక్కటి మర్యాదను నేను దబాయింపు అనుకున్నాను.

తర్వాత లిండా తనకూ పోసుకుంటుందేమో అనుకుని టీ కుండ అందించాను. తను అమ్మ కప్పే మళ్లీ నింపింది. పోపో మర్యాదగా తల ఊపి, రెండు వేళ్లతో రెండుసార్లు కొట్టింది.

అప్పటికే ఆవిడకు మతిమరుపు బాగా ముదిరింది. లిండా బయటికి సాగనంపడానికి వచ్చినప్పుడు చెప్పింది. "చూశావుగా సునీతా, రెండు. ఇప్పుడు అమ్మకి నేను గెస్ట్‌ని. ఎప్పటికైనా మళ్లీ ఒక్కటి కొడుతుందేమోనని వెయిట్ చేస్తున్నాను."

ఆ ఆశతోనే రోజూ స్కూల్ నుంచి నేరుగా అమ్మ దగ్గరికి వెళ్లి టీ పోసేది. నేను వెళ్లినప్పుడల్లా చూశాను, ప్రతిసారీ రెండే. ఒక్కరోజు కూడా లిండా విసుక్కోలేదు. నాకైతే అంత ఓపిక లేదు.

నా ఫీచర్ పూర్తికాకముందే పోపో పోయింది.

అంత్యక్రియలయ్యాక చైనాటౌన్‌లోనే ఒక రెస్టారెంట్‌లో మధ్యాహ్న భోజనం. పోయినవారికి కూడా ఒక కుర్చీ, గిన్నె, కప్పు పెట్టడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. ఆ ఖాళీ కుర్చీ పక్కన నన్ను కూర్చోబెట్టారు. పోపో చెల్లెలు పాత సంగతులు చెబుతుంటే, అందరి అనుమతీ తీసుకుని ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నాను. లిండా లేచి, ఇంటినుంచి తెచ్చిన అమ్మ కప్పులో టీ పోసింది.

టక్.

ఒక్కసారే. నా పక్కనే, కప్పు ఉన్నచోటే. లిండా పిన్ని చెప్తున్న మాట సగంలో ఆపేసింది. లిండా టీ కుండ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా రెండు చేతులూ నా గిన్నెనే పట్టుకుని ఉన్నాయి. కుర్చీకి అటువైపు ఎవరూ లేరు. భయం వేయలేదు గానీ నాకు ఏడుపొచ్చింది.

రికార్డింగ్‌లో కూడా ఆ చప్పుడు పడింది, ఇంటికొచ్చి మా ఆయనకు వినిపించాను. "మైక్‌కి ఏదో తగిలుంటుందిలేవే, నాయిస్ అది. లేకపోతే వేడికి కప్పు చిట్లిందేమో చెక్ చేయి," అన్నాడు. ఫోన్‌కి ఏదీ తగలలేదు. కప్పు చిట్లలేదు, భోజనమయ్యాక లిండాయే దాన్ని కడిగి సంచిలో పెట్టుకుంది.

నాకు మనసొప్పక మళ్లీ ఆ రెస్టారెంట్‌కి వెళ్లి, అదే బల్ల దగ్గర కూర్చుని వేలితో కొట్టి చూశాను. బల్ల మీద ఆ రోజులాగే మందపాటి గుడ్డ. ఎంత గట్టిగా కొట్టినా మెత్తటి చప్పుడే తప్ప ఆ టక్ రాలేదు. రికార్డింగ్‌లో ఉన్నది చెక్క మీద వేలి చప్పుడు. పోపో వంటింటి బల్ల దగ్గర నేను చేసిన పాత రికార్డింగులన్నిటిలోనూ సరిగ్గా అలాంటి చప్పుడే ఉంది. అయితే వాటిలో ఎప్పుడూ జంటగా.

ఇదంతా లిండాకు ఫోన్ చేసి చెప్పాను. గుడ్డ సంగతి, మైక్ సంగతి, కారణం దొరకలేదన్న సంగతి. తను ఓపిగ్గా విన్నది గానీ వాటిలో దేని గురించీ అడగలేదు.

"ఒక్కటే కదా, సునీతా?" అంది చివరికి.

అదెక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినట్టు నటించలేను. ఒక్కటేనని మాత్రం ఎవరి ముందైనా చెప్తాను.

"ఒక్కటే," అన్నాను.